షేక్: ఇంటిపేరుగా నిలిచిన పెద్దరికం

గోదావరి జిల్లాల ముస్లిం కుటుంబాలలో పేర్లకు ముందు తరచుగా కనిపించే మాట ‘షేక్’. ఉయ్యాలలోని పసిపాపకూ, పండు ముదుసలికీ అదే ఇంటిపేరు. ఈ నెల ఆ మాట మూలాన్ని పరిశీలిద్దాం.

అరబ్బీలో దీని ఉచ్చారణ ‘షైఖ్’. వయసు మళ్లినవాడు అన్నది తొలి అర్థం. వయసు వెంట అనుభవం, అనుభవం వెంట గౌరవం వస్తాయి గనుక తెగ పెద్దనూ, విద్య నేర్పే గురువునూ అరబ్బులు షైఖ్ అనే పిలిచారు. హదీసు పండితులు ఇమాం బుఖారీ, ఇమాం ముస్లింలను కలిపి ‘షైఖైన్’, అనగా ఇద్దరు షైఖులు, అంటారు. బ్రతుకుతెరువుకై కువైట్ వెళ్లే మనవారి పాస్‌పోర్టులలోనూ, అక్కడి పాలక కుటుంబీకుల పేర్ల ముందూ ఉన్నది ఈ ఒక్క మాటే.

రాజమహేంద్రవరం పెద్ద మసీదు శాసనం 1324 నాటిది. అంతటి పాత పరిచయం ఈ తీరానికి ఇస్లాంతో ఉంది. ఉపఖండంలో ఇస్లాం స్వీకరించిన కుటుంబాలెన్నో షేక్ అన్న బిరుదును చేపట్టాయి. అరబ్బీలో బిరుదు పేరుకు ముందుంటుంది. తెలుగునాట ఇంటిపేరూ ముందే ఉంటుంది. అందుచేత అది ఇక్కడ ఇంటిపేరుగా సులువుగా ఒదిగిపోయింది. 2007 నాటి చట్టంతో బీసీ-ఈ జాబితాలో ఒక సమూహం పేరుగానూ చేరింది.

కనుక షేకులందరూ ఒకే వంశంవారు కారు. అయినా పెళ్లి సంబంధాల వేళ “మీరు షేకులా, సయ్యదులా?” అని తూకం వేయడం నేటికీ వింటున్నాము. తెగలు పరస్పర పరిచయానికేననీ, అల్లాహ్ వద్ద గౌరవానికి కొలమానం దైవభీతియేననీ సూరా హుజురాత్ 13వ ఆయత్ బోధిస్తున్నది.

దివ్య ఖుర్ఆన్‌లో ‘షైఖ్’ ఏకవచనంలో మూడు చోట్ల వచ్చింది. సూరా హూద్‌లో సంతాన శుభవార్త అందిన వేళ హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) వృద్ధాప్యాన్ని తెలుపుతూ ఆయన సతీమణి పలికిన మాట అది. సూరా యూసుఫ్‌లో తమ్ముణ్ణి విడిపించుకొనుటకు అన్నలు తండ్రి ముసలితనాన్ని విన్నవించుకున్నారు. సూరా ఖసస్‌లో తండ్రి వృద్ధుడైనందున ఇద్దరు ఆడబిడ్డలు తామే మందను నీటికి తోలుకొచ్చారు. మూడింటా షైఖ్ అంటే ఇంట్లోని ముసలి పెద్దయే.

బిడ్డలు దూరదేశాలకు వెళ్లగా మన ఇళ్లలోనూ అట్టి పెద్దలు అరుగుల మీద ఎదురుచూస్తున్నారు. వారికి వేళకు మందూ, రోజుకొక పలకరింపూ అందిన ఇంటికే ఆ పేరు తగును.