వీడియో తీసినంత మాత్రాన కోర్సు కాదు



గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో సైనికాధికారుల ఉన్నత విద్య మీద వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. సికింద్రాబాద్ కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో కల్నల్ స్థాయి అధికారులు 44 వారాలు చదివే కోర్సును వీడియోలుగా తీసి ఆన్‌లైన్‌లో పెడితే చాలునని, ఎక్కడివారక్కడ చూసి పరీక్ష రాసుకోవచ్చునని మీ వ్యాసకర్త తేల్చేశారు. పైగా దూరవిద్య అంటే అంతే కదా అన్నారు. నాకు కోపం వచ్చింది ఆ మాట దగ్గరే. అధికారుల చదువును దూరవిద్యలోకి తేవడాన్ని నేను వ్యతిరేకించడం లేదు, తేవాలనే అంటాను. కానీ వీడియో తీయడం వేరు, కోర్సు తయారుచేయడం వేరు. ఈ తేడా తెలియకుండా పని మొదలుపెడితే డబ్బూ పోతుంది, చదువూ పోతుంది.

ఆ కళాశాల 1970లో మొదలైంది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూడింటి అధికారులూ అక్కడ కలిసి చదువుతారు. కోర్సు ముగిస్తే ఉస్మానియా విశ్వవిద్యాలయం మాస్టర్స్ డిగ్రీ ఇస్తుంది. చేరేవారు కొత్తగా కాలేజీ గడప తొక్కిన పిల్లలు కారు. ఇరవై ఏళ్ళకు అటూ ఇటూగా సర్వీసు చేసి, బెటాలియన్లనూ ఓడలనూ నడిపినవారు. వారికి కొరత సమాచారం కాదు. సైన్యపు అధికారి వేసిన ప్రణాళికను నౌకాదళ అధికారి ఎదురు కూర్చుని ప్రశ్నిస్తాడు. బడ్జెట్ లెక్క తేలదని మూడో ఆయన చూపిస్తాడు. సిండికేట్ అని పిలిచే ఆ చిన్న బృందాల్లో మనిషి ఇన్నేళ్ళ అలవాటు మీద నమ్మిన సంగతిని మళ్ళీ పరీక్షకు పెట్టుకుంటాడు. అసలు కోర్సు అక్కడ జరుగుతుంది. కెమెరా పెడితే ఉపన్యాసం దొరుకుతుంది, ఈ వాదన దొరకదు.

వీడియో ఒక్కటే సరిపోదనడానికి సైన్యం దాకా వెళ్ళనక్కర్లేదు. 2017లో ప్రారంభమైన మన కేంద్ర ప్రభుత్వ 'స్వయం' వేదికే కోర్సును నాలుగు భాగాలుగా కట్టింది: వీడియో, చదివే పాఠం, స్వయం పరీక్ష, చర్చ. వీడియో అందులో పావు వంతే. ఎంఐటీ, హార్వర్డ్ ఆన్‌లైన్ కోర్సుల మీద 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం, 2017-18లో చేరినవారిలో చివరిదాకా నిలిచింది నూటికి ముగ్గురు పైచిలుకు మాత్రమే. సైన్యంలో ఆజ్ఞ ఉంటుంది కాబట్టి అందరూ పూర్తిచేస్తారని కొందరు అనవచ్చు. పూర్తిచేస్తారు, నిజమే. రోజంతా డ్యూటీ చేసి రాత్రి పదింటికి వీడియో నడిపించి, బహుళైచ్ఛిక ప్రశ్నలకు గుర్తులు పెట్టి సర్టిఫికెట్ తీసుకుంటారు. పది వేల మంది ప్రాణాలకు బాధ్యత వహించబోయే మనిషి తన ఆలోచనను ఒక్కసారి కూడా రాసి, ఇంకొకరి చేత తప్పు దిద్దించుకోకుండా బయటికి వస్తాడు.

మరి దూరవిద్యలో ఇది సాధ్యమా? సాధ్యమే. అమెరికా సైన్యపు వార్ కాలేజీ ఈ పనిని 1968లో ఉత్తరాల ద్వారా మొదలుపెట్టింది. అది ఇప్పుడు రెండేళ్ళ ఆన్‌లైన్ కోర్సు. అధికారులు వ్యాసాలు రాస్తారు, చర్చల్లో ఒకరికొకరు లిఖితంగా జవాబిస్తారు, ఏటా రెండు వారాలు కార్లైల్‌లోని ఆ కాలేజీకి వచ్చి ముఖాముఖి కూర్చుంటారు. క్యాంపస్‌లో చదివినవారికిచ్చే డిగ్రీనే వారికీ ఇస్తారు. ఇంకో మాట చెప్పాలి: తరగతి గది కంటే దూరమే మెరుగ్గా నేర్పే సంగతులున్నాయి. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ తుపాను తాకిన రోజును అభ్యాసంగా తీసుకోండి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నౌకాదళం విమానాలు దిగే విమానాశ్రయమే దెబ్బతింది. తరగతిలో ఈ కథ రెండు గంటల్లో అయిపోతుంది. దూరకోర్సులో అయితే పన్నెండు మంది అధికారులకు ముందు అరకొర నివేదిక పంపవచ్చు. రెండు రోజుల తర్వాత దాన్ని సగం ఖండించే ఇంకో నివేదిక పంపవచ్చు. ఒక్కొక్కరూ తన నిర్ణయాన్నీ, కారణాన్నీ రాసిపెట్టాలి, రాసింది చెరపకూడదు. వారం తిరిగేసరికి తాను ఎక్కడ తొందరపడ్డాడో ఎవరి రాతలో వారికే కనబడుతుంది. దీనికి మంచి కెమెరా అక్కర్లేదు. ఆ పన్నెండు మంది రాతల్నీ చదివి జవాబిచ్చే ఒక గురువు కావాలి. ఖర్చంతా అక్కడ పెట్టాలి.

రహస్యాల సంగతేమిటని అడిగేవారుంటారు. సైన్యానికి బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేని సొంత నెట్‌వర్క్ ఉంది. అయినా అన్నిటినీ దాని మీద పెట్టమని నేననను. చరిత్ర, ఆర్థికశాస్త్రం, నిర్ణయ విశ్లేషణ, అంతర్జాతీయ సంబంధాలు బహిరంగ విషయాలు, వాటిని దూరంలో చదవనివ్వండి. యుద్ధ ప్రణాళికలను క్యాంపస్ వారాలకు ఉంచండి. దీనికంటే బలమైన అభ్యంతరం స్నేహాలది. ఏడాది పాటు కలిసి భోంచేసిన అధికారులకు రేపు సంక్షోభంలో ఒకరికొకరు ఫోన్ చేసుకునే చనువుంటుంది. ఆ నష్టం నిజమైనదే. అందుకే ముఖాముఖి వారాలను ఖర్చు పేరు చెప్పి కోసేయకూడదంటాను. అందుకే 44 వారాల కోర్సును పూర్తిగా ఎత్తేయమనీ అనను. సీటు దొరకని అధికారులకు రెండో దారి తెరవమంటాను.

మీ వ్యాసంలోని 'అంతే కదా' దగ్గరికి మళ్ళీ వస్తాను. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు నేల మీదే పుట్టింది. జి.రామ్‌రెడ్డి గారు దానికి తొలి ఉపకులపతి, తర్వాత ఇగ్నోకూ ఆయనే. అక్కడ అచ్చు పుస్తకంతో పాటు అధ్యయన కేంద్రం, సెలవురోజు తరగతులు ఉండేవి. మదనపల్లె, పుంగనూరు లాంటి ఊళ్ళలో ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ డిగ్రీ సంపాదించినవారిని ఒక్క మాటతో తక్కువ చేశారు మీరు. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో దూరవిద్య పీహెచ్‌డీల మీద చెలరేగిన వివాదం మీ వ్యాసకర్త మనసులో ఉండి ఉండవచ్చు. అది చదివి బాధపడని వారెవరు? 2009లో యూజీసీ దూరవిద్యలో పీహెచ్‌డీలనే నిషేధించింది. ఆ వివాదంలో తప్పు దూరానిది కాదు. విద్యార్థి రాసింది చదివే గురువు లేకుండా పేర్లు నమోదుచేసుకోవడం తప్పు. మీ వ్యాసం సైన్యానికి సిఫారసు చేస్తున్నది సరిగ్గా ఆ తప్పునే.

మదనపల్లెకు దగ్గర్లోని కలికిరి సైనిక్ స్కూల్లో 2014 నుంచీ మన పిల్లలు చదువుతున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత వారిలో కొందరు ఈ కోర్సు వాకిట్లో నిలబడతారు. వ్యాసకర్త మరోసారి రాసేటప్పుడు అధికారి ఏం చూస్తాడో కాక, ఏం రాస్తాడో, దాన్ని ఎవరు చదువుతారో చెప్పమని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పుంగనూరు