స్నేహితురాలు ఏమైపోయింది?

వీడియో గేముల్ని సినిమాలుగా తీస్తే అభిమానులకి నచ్చవు. కథ మార్చారనో, గ్రాఫిక్స్ బాగాలేవనో అంటారు. నా అభ్యంతరం వేరు.

2013లో వచ్చిన 'టూంబ్ రైడర్' ఆటనే చూడండి. ఓడ మునిగి దీవిలో చిక్కుకున్న లారా క్రాఫ్ట్ ప్రాణాలకి తెగించేది ముఖ్యంగా స్నేహితురాలు సామ్ కోసం. ఈ కథకి ప్రధాన రచయిత్రి రియానా ప్రాట్‌చెట్. ఆటలో లారా లోయలో పడితే, తడబడింది బటన్ నొక్కిన నా చెయ్యే. మళ్ళీ లేచి నడిస్తే, నడిచింది నేనే. ఒక స్త్రీ కోసం మరో స్త్రీ చేసిన సాహసం అలా నా అనుభవమైంది.

ఆ ఆట ఆధారంగా 2018లో సినిమా వచ్చింది. దీవి ఉంది, విల్లూ బాణాలూ ఉన్నాయి. సామ్ మాత్రం లేదు! ఆమె చోటులో తప్పిపోయిన తండ్రి వచ్చి కూర్చున్నాడు. 2001 నాటి మొదటి సినిమాలోనూ లారాకి దారి చూపింది తండ్రి రాసిపెట్టిన ఉత్తరమే. స్త్రీ సాహసించాలంటే వెనక నాన్న ఉండి తీరాలా?

1996లో పుట్టిన లారా దేహాన్ని మగచూపుకి తగ్గట్టే చెక్కారు, కాదనను. సినిమా నా చేతిలోంచి బటన్ తీసేసుకుంటుంది, అది దాని స్వభావం. కానీ లారా పోరాటానికున్న కారణాన్ని కూడా లాక్కుని తండ్రికి అప్పజెప్పడం స్వభావం కాదు, పితృస్వామ్యం. నా నిరాశకి పేరు అదే.