గాజుపళ్లెంలో మందు, ఒంట్లో విషం

బ్లడ్ క్యాన్సర్ వచ్చినవాళ్ల ఇంటికెళ్లి "డి విటమిన్ వేసుకోండి, లుకేమియా కణాలే మారిపోతాయి" అని చెబుతున్నవాళ్లారా, మీరు చేస్తున్నది ప్రాణాలతో చెలగాటం.

మీరు అడ్డం పెట్టుకుంటున్న పరిశోధన నిజమే, గొప్పదే. 1981లో జపాన్‌లో ఎత్సుకో అబే, తత్సువో సుదా బృందం ఎలుకల లుకేమియా కణాల మీద కాల్సిట్రియాల్ వేసింది. మన ఒంట్లో డి విటమిన్ చివరికి దాల్చే చురుకైన రూపం అది. ఎదగకుండా సంఖ్య మాత్రమే పెంచుకుంటూ పోయే ఆ కణాలు పక్వానికొచ్చి, క్రిములను మింగే మాక్రోఫేజ్‌లయ్యాయి. మనిషి నుంచి తీసి పెంచిన హెచ్‌ఎల్-60 కణాలూ ఆ దారే పట్టాయి.

అయితే ఈ ప్రయోగాలు జరిగిన గాజుపళ్లేనికి కిడ్నీలు లేవు, గుండె లేదు. మనిషికి ఉన్నాయి! కాల్సిట్రియాల్ అసలు పని పేగుల నుంచి కాల్షియం లాగడం, చాలకపోతే ఎముకల నుంచి తోడడం. లుకేమియా కణాన్ని ఎదిగించడానికి ప్రయోగశాలలో వాడే మోతాదు మామూలుగా రక్తంలో ఉండేదానికి వంద నుంచి వెయ్యి రెట్లు. అక్కడికి చేరకముందే రక్తంలో కాల్షియం హద్దు దాటుతుంది. దాహం, వాంతులు, మలబద్ధకం, అయోమయం, కిడ్నీ దెబ్బతినడం, గుండె లయ తప్పడం. 1980ల్లోనే అమెరికాలో ఫిలిప్ కోఫ్లర్ బృందం లుకేమియాకు దారితీయగల మైలోడిస్‌ప్లాస్టిక్ జబ్బున్న రోగులకు కాల్సిట్రియాల్ ఇచ్చి చూసింది. చాలామందికి కాల్షియం పెరిగింది, జబ్బు లొంగలేదు. కాల్షియం జోలికి పోకుండా కణాన్ని మాత్రమే ఎదిగించే రూపాల కోసం అప్పటినుంచీ వెతుకుతున్నారు. లుకేమియాకు మందుగా అలాంటిదేదీ ఇంకా నిలబడలేదు.

పోనీ, డి విటమిన్ పొట్లాలు మింగితే ఆ మోతాదు వస్తుందా? రాదు. కాల్సిట్రియాల్‌ను తయారుచేసే ఆఖరి మెట్టును కిడ్నీ తన గుప్పిట్లో ఉంచుకుంటుంది. మిగిలింది కొవ్వులో నెలల తరబడి పేరుకుంటుంది, శ్రుతి మించితే కాల్షియాన్ని ఎక్కిస్తుంది. లాభం లేదు, నష్టం మాత్రం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 600 యూనిట్లు చాలంటోంది. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే పొట్లంలో 60,000.

"విటమిన్ ఏం చేస్తుందిలే" అంటారా? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమనే విటమిన్ రూపాలను 1940ల్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిస్తే జబ్బు ఉరకలెత్తింది. ఆ విటమిన్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ ఇచ్చాకే కొందరు పిల్లలు కొన్నాళ్లు కోలుకున్నారు.

లోపముంటే సరిదిద్దాల్సిందే, రక్తం పరీక్షించి, కాల్షియం చూసి, క్యాన్సర్ డాక్టర్ చేతుల మీదుగా. కీమో నడుస్తున్న మనిషికి వాంతులైతే ఇంట్లోవాళ్లు కీమో వల్లే అనుకుంటారు, మీరు వేసుకోమన్న పొట్లం సంగతి డాక్టర్ దాకా పోదు. అప్పుడు కాల్షియం మీద ఎవరికీ అనుమానం రాకపోవచ్చు. ఆ ఇంటివాళ్లకు ఇవాళే ఫోన్ చేసి, పొట్లాలు ఎన్ని వేశారో డాక్టర్‌కు చెప్పమనండి.