ముప్పై మార్కుల వెనుక విద్యార్థి ప్రశ్న

ఛత్తీస్‌గఢ్ డిగ్రీ కళాశాలల్లో జాతీయ విద్యావిధానం 2024-25 విద్యాసంవత్సరం నుంచి అమలులోకి వచ్చింది. చాలా కళాశాలల్లో ఏడాది చివర ఒకేసారి రాసే పరీక్షల స్థానంలో సెమిస్టర్లు ప్రవేశించాయి. మార్కుల్లో 30 శాతం కళాశాలలోనే జరిగే అంతర్గత మూల్యాంకనానికి, 70 శాతం సెమిస్టరు చివరి పరీక్షకు కేటాయించారు. తెలుగు రాష్ట్రాలు ఈ దారిని ముందే తొక్కాయి. డిగ్రీలో సెమిస్టరు విధానం ఆంధ్రప్రదేశ్‌లో 2015-16లో, తెలంగాణలో 2016-17లో మొదలైంది.

బిలాస్‌పూర్-రాయపూర్ రైలు మార్గంలోని బిల్హా వంటి పట్టణం నుంచి చూస్తే ఈ మార్పు మరో రకంగా కనిపిస్తుంది. అక్కడ ప్రభుత్వ కళాశాల ఉంది. అయినా కోరుకున్న కోర్సు కోసం బిలాస్‌పూర్‌కు వెళ్లే వారికి ప్యాసింజరు రైలే ఆధారం. గత కొన్నేళ్లుగా ఈ ప్రాంతంలో ప్యాసింజరు రైళ్ల రద్దు తరచూ వార్తల్లోకి ఎక్కుతూనే ఉంది. వార్షిక పరీక్షల కాలంలో ఒక రోజు తరగతి తప్పితే స్నేహితుని నోట్సుతో సర్దుకునేవారు. ఇప్పుడు ఆ రోజే క్లాసు టెస్టు ఉంటే మార్కులే పోతాయి. మళ్లీ అవకాశం దక్కడం చాలా వరకు అధ్యాపకుని మీదే ఆధారపడుతుంది.

నిరంతర మూల్యాంకనం మంచిదే. మూడు గంటల పరీక్షతో ఏడాది చదువును తూచడం కన్నా అది న్యాయమైనది. చిక్కు దాని అమలులో ఉంది. చివరి పరీక్ష మార్కులపై అనుమానం వస్తే పునఃమూల్యాంకనం కోరవచ్చు. దిద్దిన జవాబుపత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసే హక్కు పరీక్ష రాసిన వారికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో తీర్పు చెప్పింది. అసైన్‌మెంటుకు, సెమినారుకు వేసిన మార్కుల విషయంలో ఇంత స్పష్టమైన మార్గం సామాన్య విద్యార్థికి కనిపించదు. ఎందుకు తగ్గాయో రెండు మాటలు రాసి అసైన్‌మెంటు తిరిగి ఇస్తే అది చదువులో భాగమవుతుంది. లేకపోతే అది మరో పరీక్ష మాత్రమే.

పారదర్శకత లేని మూల్యాంకనాన్ని యూజీసీ 2023 నిబంధనలు ఫిర్యాదు చేయదగిన అంశంగానే గుర్తించాయి. ప్రతి విద్యాసంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలన్నాయి. అందులో విద్యార్థి ప్రతినిధికి దక్కినది ప్రత్యేక ఆహ్వానితుని స్థానం. ఆ ప్రతినిధిని చదువులోనో, క్రీడల్లోనో, ఇతర కార్యక్రమాల్లోనో కనబరిచిన ప్రతిభ ఆధారంగా నామినేట్ చేస్తారు. రైలు రద్దై టెస్టు తప్పిన బిల్హా విద్యార్థి తన గోడును ఆ కమిటీ దృష్టికి తీసుకెళ్లవచ్చు.