పదిమంది కూడితేనే ప్రార్థన

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు. బెనె ఎఫ్రాయిం అంటారు. యాకోబి సోదరులు ముందుండి 1990ల మొదట్లో అక్కడ ప్రార్థనా మందిరం నిలబెట్టారు. సభ్యుల్లో ఎక్కువమంది మాదిగ కుటుంబాల కూలీలు. శనివారం సబ్బాతు, పని చేయకూడదు. చేయకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. సామూహిక ప్రార్థనకేమో సంప్రదాయం ప్రకారం పదిమంది ఉండాలి. తొమ్మిదిమంది వచ్చి, పదో మనిషి ఇంకా పొలంలోనే ఉంటే? సంఘం నడపడమంటే ఆ పదో మనిషి కష్టం తెలిసుండటమే. పటాన్‌చెరు, పాశమైలారం, సంగారెడ్డిలో సంఘాలు నడుపుతున్న పెద్దలారా, ఈసారి మీటింగు పెట్టేముందు నైట్ షిఫ్టులో ఉన్నవాళ్లను ఒక్క మాట అడగండి.