పని తగ్గినా కొలువు పోలేదు

2008లో అమెరికా బ్యాంకుల పతనంతో ముదిరిన మాంద్యం 2009లో జర్మనీని గట్టిగా దెబ్బతీసింది. ఎగుమతులు పడిపోయాయి. ఆ ఏడాది జాతీయోత్పత్తి 5 శాతానికి పైగా తగ్గింది. అయినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. ఉన్న పనిని అందరూ పంచుకోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

అక్కడ గిరాకీ తగ్గితే కార్మికుడిని తీసివేయకుండా పని గంటలు తగ్గించే ఏర్పాటు ఉన్నది. చేసిన పనికి యజమాని జీతమిస్తాడు. కోల్పోయిన నికర వేతనంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం నిరుద్యోగ బీమా నిధి ఇస్తుంది. ఆ నిధికి యజమాని, కార్మికుడు చెరిసగం చందా కడతారు. 2009 మే నెలలో 14 లక్షల మందికి పైగా ఈ విధంగా కొలువు నిలుపుకున్నారు.

గంటల కోత యజమాని ఇష్టారాజ్యం కాదు. కార్మికులు ఎన్నుకున్న కౌన్సిల్ ఉన్న కర్మాగారంలో దాని సమ్మతి తప్పనిసరి. యజమానికీ ఇది లాభమే. 2010లో ఆర్డర్లు తిరిగి రాగానే పని తెలిసినవారు సిద్ధంగా ఉన్నారు.

అయితే ఏజెన్సీల ద్వారా వచ్చిన తాత్కాలిక కార్మికులు చాలామంది ముందుగానే ఉపాధి కోల్పోయారు. ఈ రక్షణ అందరికీ సమానంగా అందలేదన్నది గమనార్హం.

ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వితే ఫలితముండదు. నిధి, కౌన్సిల్ ముందే ఉన్నందువల్లనే అక్కడ కొలువులు నిలిచాయి.