బడి కంప్యూటర్‌కి మనం అడ్మిన్లం కాదు

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకి పిల్లల చదువంటే ఎంత పట్టింపో వేరే చెప్పనక్కరలేదు. బడి బాగుందా లేదా చూసుకునే ఇల్లు కొంటాం. శనివారం కుమాన్, ఆదివారం స్పెల్లింగ్ బీ, మధ్యలో రోబోటిక్స్ అంటూ కారేసుకుని తిరుగుతాం. ఇంత శ్రద్ధ ఉన్నవాళ్ళం, పిల్లలు బడినుంచి క్రోమ్‌బుక్కో ఐప్యాడో ఇంటికి తెచ్చేసరికి మాత్రం రెండు జట్లుగా చీలిపోతాం. ఒక జట్టు రూటర్ సెట్టింగుల్లోకి దూరి కనిపించిన సైటునల్లా మూసేస్తుంది. రెండో జట్టు "మా వాడికి నాకంటే ఎక్కువ తెలుసండీ" అని మురిసిపోయి వదిలేస్తుంది. రెండు జట్లకీ ఉన్నది ఒకటే ధీమా: రోజుకి పది గంటలు కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళం, ఇందులో మనకి తెలియనిదేముంది?

నా ఉద్దేశంలో ఆ ధీమాయే అడ్డం. పిల్లలకి ఇంట్లో కావలసినది సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ కాదు. పక్కన కూర్చుని "ఏదీ, ఏం చేశావో చూపించు" అని అడిగే మనిషి. మొదటి పని మనకి బాగా వచ్చు కాబట్టి అది చేసేసి, రెండోది కూడా చేసినట్టే అనుకుంటున్నాం.

కొంచెం వెనక్కి వెళ్దాం. 2002లో మెయిన్ రాష్ట్రం ఏడో తరగతి పిల్లలకి లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు అదొక వింత. 2011లో క్రోమ్‌బుక్‌లు అమ్మకానికొచ్చాయి. 2014లో గూగుల్ క్లాస్‌రూమ్ వచ్చింది. 2020 మార్చిలో కోవిడ్‌తో బడులు మూతపడ్డాక, మిగిలిన వాళ్ళూ ఈ దారికి రాక తప్పలేదు. ఇప్పుడు హోంవర్కు ఇవ్వడం, తీసుకోవడం, దిద్దడం, మార్కులు వెయ్యడం చాలాచోట్ల తెరమీదే జరుగుతున్నాయి. ఇందులో ఒక చిన్న తేడా ఉంది, మనం పెద్దగా పట్టించుకోలేదు. నోటుబుక్కు భోజనాల బల్లమీద తెరిచి ఉంటే, వంట చేస్తున్న అమ్మకి కూడా ఓరకంట కనిపించేది. ఎర్రసిరా గీతలు దూరంనుంచే తెలిసేవి. తెరమీది చదువు అలా కనబడదు. అది ఒక పాస్‌వర్డు వెనక, ఇరవై టాబుల మధ్య ఉంటుంది. అడిగి చూపించుకుంటే తప్ప మనకి తెలిసే దారి లేదు.

మరి ఫిల్టర్ల సంగతేమిటి అంటారా? ఆ పని చాలావరకు బడి ముందే చేసి పెట్టింది. 2000 సంవత్సరంలో వచ్చిన సిపా అనే చట్టం ప్రకారం, ఇంటర్నెట్ ఖర్చుకి ఈ-రేట్ రాయితీ తీసుకునే బడులు పిల్లలకి తగని చిత్రాలు కనబడకుండా ఫిల్టరు పెట్టి తీరాలి. బడి ఇచ్చిన క్రోమ్‌బుక్‌ని డిస్ట్రిక్ట్ ఐటీ వాళ్ళు తమ కన్సోల్ నుంచే నడుపుతారు. చాలా డిస్ట్రిక్టుల్లో ఆ ఫిల్టరు పిల్లవాడి ఖాతాతో పాటు ఇంటికీ వస్తుంది. దానిమీద మనం ఇంకో తాళం వేస్తే ఏమవుతుందో ఆఫీసులో చూస్తూనే ఉంటాం. యూట్యూబుని రూటర్లో మూసేస్తాం. టీచరు పాఠంలో పెట్టిన వీడియో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనబడుతుంది. పిల్లకి ఎందుకో తెలియదు. నాన్నని అడిగితే "యూట్యూబు నీకెందుకు?" అని మొదలవుతుందని భయం. ఆ పాఠం అలా వదిలేస్తుంది. రాత్రి పడుకునేముందు పరికరాలన్నీ హాల్లో చార్జింగుకి పెట్టాలి, చదువు అయ్యాకే ఆటలు, ఇలాంటి కట్టుబాట్లు ప్రతి ఇంట్లో ఉండాల్సిందే. నేను కాదనడం లేదు. కాని తాళాలు వేసినంత మాత్రాన చదువుకి సాయం చేసినట్టు కాదు.

ఇంతకంటే పెద్ద చిక్కు మార్కుల పోర్టల్‌తో వస్తుంది. ఫోన్లో యాప్ పెట్టుకుంటాం, నోటిఫికేషన్లు ఆన్ చేస్తాం. ఇక అది మనకి ప్రొడక్షన్ సర్వర్ డాష్‌బోర్డు అయిపోతుంది. ఎర్రగా ఏది కనబడినా స్టాండప్ మీటింగు మధ్యలోనే పిల్లవాడికి మెసేజి: "సైన్స్‌లో మిస్సింగ్ అని ఉందేమిటి?"

ఆ 'మిస్సింగ్' ఎలా వస్తుందో చూడండి. గూగుల్ క్లాస్‌రూమ్‌లో గడువు దాటేలోపు 'టర్న్ ఇన్' నొక్కకపోతే మిస్సింగ్ అని పడుతుంది. పని మొత్తం చేసి ఆ బటన్ ఒక్కటి మరిచిపోయినా పడుతుంది. కాగితంమీద రాసి టీచరు చేతికిచ్చినా, ఆవిడ నమోదు చేసేదాకా అలాగే ఉండొచ్చు. కొన్నిచోట్ల దానికి తాత్కాలికంగా సున్నా వేస్తారు, దాంతో సగటు ఒక్కసారిగా కిందకి జారుతుంది. దిద్దాక మళ్ళీ లేస్తుంది. పర్మనెంట్‌గా ఆన్‌కాల్‌లో ఉండి, తప్పుడు అలారాలకి అర్ధరాత్రి లేచి విసుక్కునేవాళ్ళం మనం. ఇంట్లో మాత్రం ప్రతి అలారమూ నిజమే అనుకుంటాం.

అసలు నష్టం మరొకటి ఉంది. మనం చదువుకునే రోజుల్లో ప్రోగ్రెస్ కార్డు సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చేలోపు మనకి ఒక గంట వ్యవధి దొరికేది. ఎలా చెప్పాలో, ముందు ఎవరికి చెప్పాలో, నాన్న కాఫీ తాగాక చెప్పాలా అని ఆలోచించుకునేవాళ్ళం. భయంగానే ఉండేది, నిజమే. కాని తక్కువ మార్కు వచ్చిన సంగతి తన నోటితో తాను చెప్పుకోవడం కూడా ఒక చదువే. ఇవాళ పిల్ల స్కూలు బస్సెక్కేలోపే మార్కు మన ఫోన్లో ఉంటుంది. తాను చెప్పడానికి ఏమీ మిగలదు. చెప్పే అలవాటు తప్పిన పిల్లలు హైస్కూల్లో పెద్ద విషయాలు వచ్చినప్పుడు మాత్రం వచ్చి చెబుతారా? నాకు అనుమానమే. అందుకే నా సలహా ఇది: నోటిఫికేషన్లు ఆపెయ్యండి. వారానికొకసారి, పిల్లతో కలిసి, పోర్టల్ తనచేతే తెరిపించి చూడండి. గూగుల్ క్లాస్‌రూమ్‌లో తల్లిదండ్రులకి ఈమెయిల్ సారాంశం వచ్చే వీలుంది. రోజూ కావాలా వారానికొకసారా అని అడుగుతుంది. వారానికే పెట్టుకోండి.

మన అమ్మానాన్నల్లో చాలామందికి మనం ఇంటర్మీడియట్‌లో చదివిన లెక్కలు తెలియవు. కొందరికి ఇంగ్లీషూ రాదు. అయినా "ఏదీ, అప్పజెప్పు" అనేవారు. పుస్తకం తమ చేతిలోకి తీసుకుని, మనం చెబుతుంటే వినేవారు. ఎక్కడ తడబడ్డామో సబ్జెక్టు రాకపోయినా ఇట్టే పట్టేవారు. ఆ పద్ధతిలో బట్టీ ఉంది, బెత్తం కూడా ఉంది. వాటిని మళ్ళీ తెచ్చుకోనక్కరలేదు. కాని నేర్చుకున్నది ఇంకొక మనిషికి చెప్పడం, ఆ మనిషి ఓపిగ్గా వినడం అన్న భాగం మాత్రం బంగారం. తెరమీది చదువుకి కావలసింది అదే. సెసమీ స్ట్రీట్ 1969లో మొదలైంది. దానిమీద పరిశోధన చేసినవాళ్ళు గమనించిన విషయం, పెద్దవాళ్ళు పక్కన కూర్చుని మాట్లాడుతూ చూస్తే చిన్నపిల్లలకి ఎక్కువ వంటబడుతుందని. 2016లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకి రోజుకి గంట చాలని చెబుతూ, అది కూడా పెద్దవాళ్ళతో కలిసి చూడమంది.

రోజుకి పదిహేను నిమిషాలు చాలు. ఇవాళ చేసినదాంట్లో ఒకటి తెరిచి చూపించమనండి. ఎక్కడ ఆగిపోయావని అడగండి. ఇది సరైనదని నీకెలా తెలిసిందని అడగండి. అమ్మమ్మ ఇండియానుంచి వచ్చి ఉంటే ఆవిడకి చూపించమనండి, ఇంకా మంచిది. ఆవిడకి తెలుగులో చెప్పాలంటే పిల్లకి విషయం నిజంగా అర్థమై ఉండాలి.

ఇక్కడ మనలాంటివాళ్ళకి ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది. పిల్లవాడు స్క్రాచ్‌లో పిల్లి బొమ్మని గెంతించబోతే అది గోడలోంచి దూరిపోతుంటుంది. మనకి తప్పేమిటో రెండు సెకన్లలో తెలిసిపోతుంది. "జరుగు, నేను చూస్తా" అని మౌస్ లాక్కుంటాం. ప్రోగ్రాము బాగుపడుతుంది, పిల్లవాడు ఫోను తీసుకుంటాడు. పిల్లలు కంప్యూటర్ చెప్పినట్టు ఆడడం కాదు, కంప్యూటర్‌కి తాము చెప్పాలని సీమోర్ పాపెర్ట్ 1980లోనే ఒక పుస్తకం నిండా వాదించాడు. 2007లో స్క్రాచ్‌ని బయటికి తెచ్చిన ఎంఐటీ మీడియా లాబ్ వాళ్ళు ఆయన బాటలో నడిచినవాళ్ళే. పెయిర్ ప్రోగ్రామింగ్ మనకి కొత్త కాదు కదా. కీబోర్డు ఒకరి దగ్గర, ఆలోచన ఇద్దరిదీ. ఇంట్లో కీబోర్డు ఎప్పుడూ పిల్లల దగ్గరే ఉండాలి.

ఇక ఈ రోజుల్లో తప్పించుకోలేని ప్రశ్న ఏఐ. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. 2023 జనవరిలో న్యూయార్క్ నగర బడులు దాన్ని నిషేధించాయి, అదే ఏడు మే నెలలో నిషేధం ఎత్తేశాయి. బడులకే ఇంకా కుదురు చిక్కనిచోట మనింట్లో తేలిపోతుందా? పైగా ఆఫీసులో రోజూ దానిచేత కోడు రాయించుకునేది మనమే. "నువ్వు వాడుతున్నావుగా నాన్నా, నేను వాడితే తప్పేంటి?" అని పిల్ల అడిగితే "నోర్ముయ్" అనడం జవాబు కాదు. జవాబు ఉంది. ఆఫీసులో వాళ్ళకి కావలసినది కోడు. అది ఎవరు రాసినా, ఎలా రాసినా పనిచెయ్యాలి. బడిలో నువ్వు రాసే వ్యాసం ఎవరికీ అక్కరలేదు. ఐదో తరగతి పిల్ల తిమింగలాలమీద రాసిన రెండు పేజీలతో లోకానికి పనేముంది? అవి రాసేటప్పుడు నీ బుర్రలో జరిగే మార్పే వాళ్ళకి కావాలి. ఆ మార్పుని ఇంకెవరిచేతా చేయించుకోలేవు.

ఈ మాట చెప్పాక, ఏ టీచరు ఎంతవరకు ఒప్పుకుంటారో కనుక్కోండి. ఒకే బడిలో ఒక్కో క్లాసుకి ఒక్కో నియమం ఉంటుంది. వ్యాసం మొదటినుంచీ గూగుల్ డాక్స్‌లోనే రాయమనండి. వెర్షన్ హిస్టరీలో వాక్యాలు ఎలా పెరిగాయో ఉంటుంది. నిజాయితీగా రాసిన పిల్లమీద ఎప్పుడైనా అనుమానం వస్తే అదే సాక్ష్యం. ఏఐ రాతని పట్టే సాధనాలు తప్పు చెబుతాయి. ఓపెన్‌ఏఐ తాను తయారుచేసినదాన్నే, కచ్చితత్వం చాలడం లేదని 2023 జూలైలో ఆపేసింది.

మరి మన అడ్మిన్ బుద్ధి ఎందుకూ పనికిరాదా? పనికొస్తుంది, కాని అది వాడాల్సిన చోటు ఇల్లు కాదు, స్కూల్ డిస్ట్రిక్టు. 2024 డిసెంబరులో పవర్‌స్కూల్ అనే రికార్డుల వ్యవస్థలోకి దొంగలు చొరబడి విద్యార్థుల, టీచర్ల వివరాలు ఎత్తుకుపోయారు. 2025 జనవరిలో ఆ సంగతి బయటపడింది. మన పిల్లల పేరు, పుట్టినరోజు, చిరునామా ఎన్ని కంపెనీల దగ్గర ఉన్నాయో మనలో ఎంతమంది అడిగాం? 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం పిల్లల బడి రికార్డులు చూపించమని అడిగే హక్కు తల్లిదండ్రులకి ఉంది. అడిగిన 45 రోజుల్లోగా చూపించాలి. 1998 నాటి కాపా చట్టం పదమూడేళ్ళలోపు పిల్లల వివరాలు సేకరించడానికి పెద్దల అనుమతి కావాలంటుంది, అయితే చదువుకి వాడే యాప్‌ల విషయంలో చాలాసార్లు మన తరఫున బడే ఆ అనుమతి ఇచ్చేస్తుంది. ఏ యాప్‌లకి ఇచ్చారు, ఏ వివరాలు వెళ్తున్నాయి, బడి మారాక చెరిపేస్తారా, ఇవి స్కూల్ బోర్డు మీటింగులో లేచి అడగాల్సిన ప్రశ్నలు. ఆ హాల్లో ఉన్నవాళ్ళలో వీటికొచ్చే జవాబు నిజమో కాదో తేల్చుకోగలవాళ్ళు బహుశా మనమే. కాని ఆ మీటింగులకి మనవాళ్ళు వెళ్ళడం అరుదు.

అదే బడిలో గాస్ స్టేషన్లోనో హోటల్లోనో రెండు షిఫ్టులు చేసే తల్లిదండ్రుల పిల్లలూ చదువుతున్నారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉంటారు. పోర్టల్‌లోకి ఎలా వెళ్ళాలో, 'మిస్సింగ్' అంటే ఏమిటో, టీచరుకి నాలుగు వాక్యాల ఈమెయిలు ఎలా రాయాలో చెప్పేవాళ్ళు వాళ్ళకి లేరు. ఏడాదికి ఒక సాయంత్రం బడి లైబ్రరీలో కూర్చుని చూపించడం మనకి పెద్ద పని కాదు. అక్కడ మన పరిజ్ఞానం నిజంగా ఒకరికి అక్కరకొస్తుంది.

సమయం ఏదండీ అంటారు. ఇద్దరూ ఉద్యోగస్తులు, రాత్రి తొమ్మిదికి ఇండియా టీముతో కాల్. నిజమే. కాని పోర్టల్‌ని రోజుకి ఆరుసార్లు తెరిచి చూసే సమయం మన దగ్గర ఉంది. ఆ సమయాన్నే కాస్త మళ్ళిస్తే చాలు. ఇవాళ సాయంత్రం ఆ యాప్ పక్కన పెట్టి, పిల్ల క్రోమ్‌బుక్ ముందు కూర్చున్నప్పుడు ఇంకో కుర్చీ లాక్కుని కూర్చోండి. చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకోండి.